పోటు నీటిలో పగడపు తోట

ఇండోనేషియాలో సుంబావా, ఫ్లోరెస్ అనే రెండు పెద్ద దీవుల నడుమ కొమోడో దీవులు వున్నాయి. మనిషిని సైతం చంపగల రాక్షసి ఉడుములకు ఇవి పేరు మోశాయి. ఆ ఉడుములను చూడబోయిన వారిలో చాలామంది సముద్రంలోకి కూడా దిగుతారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నీటి అడుగున పగడపు దిబ్బల మధ్య ముప్పావు గంటసేపు తిరిగి వస్తారు. అంతా సవ్యంగా జరిగితే సుమా! అక్కడి నీటి ఉరవడి అటువంటిది.

పసిఫిక్ మహాసముద్రంలో నీటిమట్టం హిందూ మహాసముద్రం కంటె కొంచెం ఎత్తు. అందువల్ల పసిఫిక్ నీరు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి ఇటువైపు దిగుతూనే వుంటుంది. దానికి రోజూ వచ్చే పోటుపాట్లు తోడవుతాయి. పెద్ద చెరువు నీరంతా తూములోంచి పోయేటప్పుడు ఎంత వేగం వస్తుందో రైతులకు చెప్పనక్కరలేదు. కొమోడో జలసంధుల్లో జరిగేది అదే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ.

మూడు నాట్ల ప్రవాహం అక్కడ వింతేమీ కాదు. అంటే గంటకు అయిదున్నర కిలోమీటర్లు. గట్టున మనిషి వడిగా నడిచే వేగం అంతే కదా అనిపించవచ్చు. కాని కాళ్లకు రబ్బరు రెక్కలు తొడుక్కున్న మంచి ఈతగాడు కూడా సిలిండరు బరువుతో ఒక్క నాట్ ప్రవాహానికి ఎదురుగా ఎంతోసేపు ఈదలేడు.

పైగా ఎదురీత గాలిని తినేస్తుంది. సిలిండరులో ఆక్సిజన్ వుంటుందని చాలామంది అనుకుంటారు గాని, సాధారణంగా వుండేది మనం పీల్చే మామూలు గాలే. పన్నెండు లీటర్ల సిలిండరులో సుమారు 2,400 లీటర్ల గాలిని అదిమి నింపుతారు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతుకు వెళితే, నీటి ఒత్తిడి వల్ల దానికి మూడింతలు వాడతాడు. అంటే 40 నిమిషాల్లో సిలిండరు ఖాళీ. ఎదురీది రొప్పుతూ రెట్టింపు పీలిస్తే ఆ వ్యవధి 20 నిమిషాలే.

ఇంత ప్రమాదమున్న చోటుకే ఎందుకు పోతారంటే, పగడాలు, చేపలు అక్కడే దట్టంగా వుంటాయి గనుక. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. దాని ఒంట్లో వుండే సన్నని నాచు ఎండ సాయంతో చాలావరకు ఆహారం తయారుచేసి పెడుతుంది. మిగతాది నీటిలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవుల నుంచి పగడమే పట్టుకోవాలి. కాళ్లు లేని ప్రాణికి తిండి మోసుకువచ్చేది ప్రవాహమే. చిన్న చేపలు గుంపులుగా ప్రవాహానికి ఎదురు నిలబడి నోటికి వచ్చినది తింటాయి. వాటికోసం పెద్ద చేపలు, సొరలు వస్తాయి. రెక్క కొస నుంచి కొసకు మూడు, నాలుగు మీటర్లుండే మాంటా అనే టేకు చేపలు నోరు తెరుచుకుని ప్రవాహంలో తేలుతూ మేస్తాయి.

బాటు బొలోంగ్ దిబ్బ

అక్కడ బాటు బొలోంగ్ అనే చిన్న బండ వుంది. ఆ మాటకు చిల్లు పడిన రాయి అని అర్థం. నీటి పైన కనిపించేది కొంచెమే. కింద గోడలా నిలువునా దిగిపోతుంది, గోడంతా పగడాలే. 1980లో జాతీయ పార్కుగా, 1991లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఈ ప్రాంతంలో ఒకప్పుడు బాంబులు వేసి చేపలు పట్టడం వల్ల ఎన్నో పగడపు దిబ్బలు పిండి అయిపోయాయి. బాటు బొలోంగ్ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ ఉరవడిలో పడవ నిలిపి చేపలు ఏరుకోవడం బాంబులు వేసేవారి తరం కాకపోవడమే అందుకు కారణమని అక్కడివారు చెబుతారు. చట్టం కంటె ముందు సముద్రమే కాపలా కాసిందన్నమాట.

ఈ బండ దగ్గర దిగడానికి ఒక పద్ధతి వుంది. ప్రవాహం వచ్చి కొట్టే వైపు కాక, దాని చాటున దిగాలి. ముందు లోతుకు పోయి, ఆ చాటులోనే అటూ ఇటూ మళ్లుతూ మెల్లగా పైకి రావాలి. చాటు దాటి పక్కకు పోతే నీరు ఈడ్చుకుపోతుంది. ఒక్కోచోట నీరు గోడ వెంట కిందికి కూడా లాగుతుంది. అప్పుడు పైకి గింజుకుంటే లాభం లేదు. గోడకు దూరంగా అడ్డంగా ఈది ఆ ధార నుంచి తప్పుకోవాలి. కంగారుపడి ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి వస్తే ఊపిరితిత్తులే చిట్లవచ్చు.

కొన్ని దిబ్బల వద్ద తాడుకు కొక్కెం కట్టి, ప్రాణం లేని రాతికి తగిలించి, గాలిపటంలా ప్రవాహంలో నిలబడి చేపలను చూస్తారు. బతికి వున్న పగడానికి తగిలిస్తే ఏళ్ల తరబడి పెరిగినది క్షణంలో విరిగిపోతుంది.

దిగే వేళను నిర్ణయించడంలోనే వుంది కిటుకంతా. పోటుకూ పాటుకూ మధ్య నీరు కాసేపు నెమ్మదిస్తుంది. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పట్టికలు వున్నా, పడవవాడు నీటి మీది సుడులు చూసి వద్దంటే మానుకోవడమే మేలు.

ఉడుముల దీవిలో రెండు రోజులు

2008 జూన్ 5న తటావా దీవి వద్ద దిగిన అయిదుగురు యూరప్ వాసులను ప్రవాహం ఈడ్చుకుపోయింది. వారు నీటిపైకి వచ్చేసరికి పడవ దూరంగా వుండిపోయింది. గంటల తరబడి కొట్టుకుపోయి, చీకటిపడ్డాక రింకా దీవి ఒడ్డుకు చేరారు. అది ఉడుములున్న దీవి. దగ్గరకు వచ్చిన ఉడుమును రాళ్లతో తరిమారు. రాళ్లకు అంటుకున్న గుల్లలు పచ్చివే తిన్నారు. జూన్ 7న వెతికేవారి కంటబడ్డారు. అయిదుగురూ బతికారు.

2014 ఫిబ్రవరి 14న బాలి సమీపంలో ఏడుగురు జపాన్ మహిళలు ఇలాగే కొట్టుకుపోయారు. మూడు రోజుల తర్వాత అయిదుగురు దొరికారు. మిగతా ఇద్దరు ప్రాణాలతో దొరకలేదు.

అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. అందుకే ఇప్పుడు దిగేవారు నారింజ రంగు పొడవాటి గాలి సంచి ఒకటి చుట్టి జేబులో పెట్టుకుంటారు. పైకి వచ్చేముందు దానిలో గాలి ఊది వదిలితే, నీటిపైన నిలువెత్తున నిలబడి పడవకు ఆనవాలు చూపుతుంది. దానితోపాటు ఈల, అద్దం, చీకట్లో పనికివచ్చే టార్చిలైటు. వీటి ఖరీదు సిలిండరు సరంజామాతో పోలిస్తే ఏపాటిది?

అండమాన్‌లోనూ పగడపు దిబ్బలు వున్నాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి గనుక మన జిల్లాల నుంచి రాకపోకలు ఎక్కువే. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్ దీవిలో, ఈత రానివారిని సైతం శిక్షకుడు పట్టుకుని తక్కువ లోతులో దింపి చూపిస్తాడు. ఉరవడి లేని చోట, శిక్షకుడు చెయ్యి వదలనంతవరకు అది వేరు సంగతి. శిక్షణ పొంది లోతు దిబ్బలకు పోదలచినవారు మాత్రం పడవ ఎక్కకముందే ఆనాటి తిథి ఏమిటో, నీరు ఎటు లాగుతున్నదో, గాలి సంచి ఎవరెవరి వద్ద వున్నదో అడగాలి. దిగినవారి తలలు లెక్కపెట్టడానికి, వారు పైకి వచ్చేవరకు కళ్లు నీటిమీదే పెట్టుకుని కూర్చునేందుకు పడవలో ఒక మనిషి వున్నాడో లేడో కూడా చూసుకోవాలి.