సీమంతానికి మగవాళ్లనూ పిల్లలనూ పిలుద్దాం

మన ఇళ్లలో సీమంతమంటే ముత్తయిదువల పేరంటమే. మగవాళ్లు వాకిట్లో కుర్చీలు వేసుకుని భోజనం పిలుపు కోసం చూస్తుంటారు. నిజానికి సీమంతోన్నయనం భర్త చేయాల్సిన సంస్కారం. మేడికాయల గుత్తి, దర్భలు, ఏదుపంది ముల్లు పట్టి భార్యకు పాపిట తీయడమే ఆ మాటకు అర్థం. తమిళనాట వలైకాప్పు అని పిలిచే గాజుల వేడుకేమో ఆడవాళ్లది. మనవాళ్లు చాలామంది రెండూ ఒకే రోజు చేస్తున్నారు.

అందరినీ పిలవడానికి మనకు మరో కారణముంది. బడిలో తమిళమో కన్నడమో చదివే మన పిల్లలకు తెలుగు దొరికేది ఇంట్లోనే. మేనత్త, తోడికోడలు, చలిమిడి, అక్షింతలు వంటి మాటలు చెవిన పడేది ఇలాంటి శుభకార్యాల్లోనే. మగపిల్లలను బయట ఆడుకోమంటే వాళ్లకు ఆ మాటలు అందవు.

ఆదివారం మంచి ఘడియ చూసుకుంటే ఉద్యోగస్తులూ బడిపిల్లలూ రాగలరు. శుభలేఖలో ‘సకుటుంబంగా’ అని రాస్తే చాలదు; ‘బావగారూ, పిల్లలతో మీరూ రావాలి’ అని నోటితో పిలవాలి. గాజులు, పూల పళ్లాలు పిల్లల చేత అందించాలి. తాతయ్యలూ అక్షింతలు వేయాలి. పులిహోర, దద్దోజనం వడ్డన మగవాళ్లకు అప్పగించాలి. పాటలు వచ్చిన అమ్మమ్మ ఉంటే పల్లవి పిల్లలతో పాడించాలి.

గర్భిణికి వీపు ఆనే కుర్చీ వేయాలి, ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు. జలుబు, జ్వరం ఉన్న పిల్లలను ఆ రోజుకు ఇంట్లోనే ఉంచాలి. గాజులు తొడిగేటప్పుడు ఆడవాళ్లే ఉండాలని ఆమె కోరితే అలాగే చేద్దాం. వేడుక ఆమెది కదా!