ఒకే రోజు అయిదు వికెట్లు.. 108 ఏళ్ల లీగ్ ఖాళీ!

మీ చేతిలో రెండు ఆఫర్లున్నాయి అనుకోండి. ఒక కంపెనీ ఏడాదికి 6 లక్షలు ఇస్తానంటోంది, మొత్తం ఫిక్స్‌డ్. రెండోది 5 లక్షలు ఫిక్స్‌డ్, మిగతాది వేరియబుల్, బిజినెస్ బాగుంటే 9 దాకా వెళ్తుంది అంటోంది. ఏది తీసుకుంటారు? హాస్టల్ గదిలో కూర్చుని ఈ లెక్కలు వేయని ఫైనలియర్ స్టూడెంట్ ఉండరు. 2023 ఆగస్టులో అమెరికాలోని కొన్ని పేరున్న యూనివర్సిటీల అధ్యక్షులు కూడా అచ్చంగా ఇదే లెక్క వేశారు. వాళ్ల ముందున్నది ఉద్యోగం కాదు, టీవీ డబ్బు. ఆ లెక్క తేలేసరికి 1915లో మొదలైన లీగ్ ఒకటి దాదాపు ఖాళీ అయిపోయింది.

దాని పేరు ప్యాక్-12. అప్పట్లో అమెరికా పడమటి రాష్ట్రాల్లోని 12 యూనివర్సిటీల కూటమి. వాటిలో చాలా పేర్లు మీకు కొత్తేం కాదు. ఎంఎస్‌కి అప్లై చేసే సీనియర్ల షార్ట్‌లిస్టులో కనిపించేవే: అరిజోనా స్టేట్, యూఎస్‌సీ, యూసీఎల్ఏ, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ. అక్కడి ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. శనివారం వచ్చిందంటే క్యాంపస్ మొత్తం స్టేడియంలోనే ఉంటుంది. ఆ లీగులను కాన్ఫరెన్సులు అంటారు. ఒకప్పుడు ఇరుగుపొరుగు రాష్ట్రాల కాలేజీలు కలిసి పెట్టుకున్నవి.

హక్కులు ఎవరివి?

1984 దాకా ఏ కాలేజీ మ్యాచ్ టీవీలో రావాలో జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. ఆ పెత్తనం పోటీ చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 7-2 తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి ఎవరి మ్యాచ్‌లు వాళ్లు అమ్ముకోవచ్చు. కలిసి అమ్మితే మంచి రేటు వస్తుంది కాబట్టి కాన్ఫరెన్సులే దుకాణాలయ్యాయి. ఎక్కువమంది చూసే జట్టు ఏ దుకాణంలో ఉంటే దాని గల్లాపెట్టె అంత నిండుతుంది.

2022 జూన్‌లో మన ఐపీఎల్ అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అయితే సన్‌రైజర్స్ వాళ్లు రేపు ఉన్నట్టుండి వేరే లీగ్‌కి వెళ్లిపోతామంటే కుదరదు. అక్కడ కుదురుతుంది. అదే నెల 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ రెండూ ప్యాక్-12కి గుడ్‌బై చెప్పి, అమెరికా మధ్య రాష్ట్రాల్లో పుట్టిన బిగ్ టెన్‌లో చేరతామని ప్రకటించాయి. రెండు నెలలు తిరక్కుండానే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ల ఒప్పందం ప్రకటించింది. విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే అని వార్తలొచ్చాయి.

ఆగితే ఎక్కువ వస్తుందనుకుని..

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. అసలు కథ ఇదే.

లాస్ ఏంజెలెస్ పోయాక ప్యాక్-12లో పది మిగిలాయి. ఈఎస్‌పీఎన్ ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి 3 కోట్ల డాలర్ల చొప్పున ఇవ్వడానికి ముందుకొచ్చిందని, వీళ్లు 5 కోట్లు అడిగారని, దాంతో బేరం తెగిపోయిందని అమెరికా పత్రికలు రాశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్క కాన్ఫరెన్స్ బిగ్ 12 ఒక తెలివైన పని చేసింది. టెక్సస్, ఓక్లహామా తనను వదిలి వెళ్తామని 2021లోనే చెప్పేశాయి, అంటే దాని పరిస్థితీ అంతంతమాత్రమే. అయినా పాత ఒప్పందం గడువు ఇంకా ఉండగానే, క్యూలో ప్యాక్-12ని దాటుకుని 2022 అక్టోబరులో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్ల పొడిగింపు ఖాయం చేసుకుంది. ఒక్కో స్కూల్‌కి సగటున ఏడాదికి 3.17 కోట్ల డాలర్లు. గొప్ప రేటేం కాదు. కానీ చానెళ్ల బడ్జెట్‌లో ఆ మేరకు సీటు నిండిపోయింది. క్యాంపస్‌లో డే-వన్ కంపెనీని వద్దనుకుని కూర్చున్నవాళ్లకి ఆ తర్వాత వారాలు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నెలలు గడిచాయి. 2023 జులై చివర్లో కొలరాడో విసిగిపోయి బిగ్ 12కి వెళ్లిపోయింది. మిగిలిన తొమ్మిదింటి ముందుకు ఆగస్టు 1న వచ్చింది యాపిల్ ఆఫర్. ఫిక్స్‌డ్ సుమారు 2.3 నుంచి 2.5 కోట్ల డాలర్లు. ఆపైన వేరియబుల్: యాప్‌కి చందాదారులు పెరిగిన కొద్దీ వాటా పెరుగుతుంది. మ్యాచ్‌లు ఎక్కువగా స్ట్రీమింగ్‌లోనే వస్తాయి. కాగితం మీద పై అంకె బాగానే ఉంది. కానీ చందాదారులను తెచ్చే బాధ్యత యూనివర్సిటీల నెత్తిన పడింది. టీవీ పెట్టగానే కనిపించే జట్టు యాప్ వెనక్కి వెళ్లిపోతుందన్న భయమూ ఉంది.

ఆగస్టు 4 ఉదయం అందరూ సంతకాలు పెడతారని అనుకున్నారు. ఆ రోజే వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్‌కి వెళ్లిపోయాయి. విచిత్రం ఏంటంటే, అక్కడ వాటికి పూర్తి వాటా కూడా లేదు. పాత సభ్యులకొచ్చే దానిలో సగానికి అటూఇటూ, ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్లతో మొదలై ఏటా 10 లక్షలు పెరిగేలా ఒప్పుకున్నాయి. జూనియర్ గ్రేడులో చేరినట్టే. కానీ ఫిక్స్‌డ్. అదే రోజు అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 దారి పట్టాయి. ఒక్క రోజులో అయిదు. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇంకా తక్కువ వాటాకి ఏసీసీలో చేరాయి. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. పసిఫిక్ ఒడ్డునున్న యూనివర్సిటీలు అట్లాంటిక్ తీరం లీగ్‌లో! బిగ్ టెన్‌లో ఇప్పుడు 18, బిగ్ 12లో 16. లెక్కలు రానివాళ్లు పెట్టిన పేర్లు కావు, మార్చడం మానేశారంతే.

చిన్న ఊళ్ల రెండు కాలేజీలు

మిగిలినవి రెండు: కోర్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్, పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్. వీటిని ఎవరూ పిలవలేదు. ఆట రాక కాదు. అందరూ వదిలేసిన నెల తర్వాత బిగ్ టెన్ జట్టు, అప్పటికి 19వ ర్యాంకులో ఉన్న విస్కాన్సిన్‌ని పుల్‌మన్‌లో వాషింగ్టన్ స్టేట్ 31-22తో ఓడించింది. ఆ సెప్టెంబరులో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ తలపడినప్పుడు రెండూ దేశంలోని టాప్-25లోనే ఉన్నాయి. లోపమల్లా ఊరిది. చుట్టుపక్కల టీవీలు తక్కువ. పెద్ద కంపెనీలు రాని జిల్లా కాలేజీలో టాపర్‌గా ఉన్నవాళ్లకి ఈ పేరా రెండోసారి చదవాల్సిన పనిలేదు.

అయితే ఈ రెండూ ఏడుస్తూ కూర్చోలేదు. నిబంధనల పుస్తకం తీశాయి. టీవీ ఒప్పందం గడువు ముగియకముందే వెళ్లిపోతామని నోటీసిచ్చిన సభ్యుడికి బోర్డులో చోటు పోతుందని అందులో ఉంది. యూఎస్‌సీ, యూసీఎల్ఏ వెళ్తామన్నప్పుడు ప్యాక్-12 వాళ్లని బోర్డు నుంచి తప్పించింది కూడా ఈ లెక్కనే. మరి ఆ పదింటికీ అదే నియమం కదా అని కోర్టులో వాదించి గెలిచాయి. 2023 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కదిలించలేదు. పేరు, ఆస్తులు, రావాల్సిన ఆదాయం మీద పట్టు రెండు కాలేజీల చేతికి వచ్చింది. ఆఫర్ లెటర్‌లో చిన్న అక్షరాలు వదిలేసి సంతకం పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం స్నేహితులకి ఫార్వర్డ్ చేసుకోవచ్చు.

వెళ్లినవాళ్లకీ ఖర్చు లేకపోలేదు. యూసీఎల్ఏ వెళ్లిపోయి తోటి బర్క్‌లీకి నష్టం చేసిందని, మూడేళ్లపాటు ఏటా కోటి డాలర్లు చెల్లించమని కాలిఫోర్నియా రీజెంట్లు తేల్చారు. లాస్ ఏంజెలెస్ జట్టు న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఆడాలంటే దాదాపు 4 వేల కిలోమీటర్లు ఎగరాలి. ఫుట్‌బాల్ వాళ్లకి వారానికో మ్యాచ్, పర్లేదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు మిడ్‌టర్మ్ పరీక్షలకి విమానంలో చదువుకోవాల్సిందే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం, ఒక్కో యూనివర్సిటీ 2025-26లో ఆటగాళ్లకి 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. కాబట్టి డబ్బు వేట ఇప్పట్లో ఆగదు. మీరు ఎంఎస్‌కి వెళ్లే యూనివర్సిటీ ఏ కాన్ఫరెన్స్‌లో ఉన్నా మీ డిగ్రీకి తేడా రాదులెండి.

ఈ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోనివాళ్లు ఇంకొందరున్నారు. ప్యాక్-12కి 2012 నుంచి సొంత టీవీ చానెల్ ఉండేది. ఒక్క వాటా కూడా బయటివాళ్లకి ఇవ్వకుండా తామే నడపాలనుకున్నారు. పెద్ద శాటిలైట్ సంస్థ డైరెక్‌టీవీతో చివరిదాకా ఒప్పందం కుదరలేదు. 2024 జూన్ 30న అది మూతపడింది. కెమెరా, ఎడిటింగ్, గ్రాఫిక్స్, కామెంటరీ.. ఆ పనుల్లో ఉన్న చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఈ రంగంలోకి రావాలనుకునే మాస్ కమ్యూనికేషన్, వీఎఫ్‌ఎక్స్ విద్యార్థులు ఇది తెలుసుకునే రావాలి. మీరు ఎంత బాగా పనిచేసినా, హక్కులు ఎవరి దగ్గరుంటే పని అక్కడికి పోతుంది.

ఆ స్టూడియోలో కొద్దిమంది మాత్రం ప్యాక్-12 ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మిగిలారు. 2024 సీజన్‌లో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ సొంత మైదానంలో ఆడిన మ్యాచ్‌లు ఎక్కువగా సీడబ్ల్యూ చానెల్లో వచ్చాయి. వాటిని తీసి ఇచ్చింది వీళ్లే. తర్వాత బోయ్‌సీ స్టేట్, శాన్ డియెగో స్టేట్, టెక్సస్ స్టేట్ లాంటి కొత్త సభ్యులు వచ్చి చేరారు. 2026 సీజన్‌కి ఎనిమిది ఫుట్‌బాల్ జట్లు. టీవీ ఒప్పందం ఈసారి సీబీఎస్‌తో ముందే కుదుర్చుకున్నారు.