కంటైనరులో ఎరువుల ప్రయోగశాల
గాలి, నీరు, ఎండ.. ఇవే ముడిసరుకులు
రోజుకు టన్ను అమ్మోనియా అంటే 40 బస్తాల యూరియాకు సరిపడా నత్రజని

2025 ఖరీఫ్‌లో తెలంగాణలోని అనేక మండలాల్లో రైతులు యూరియా కోసం సహకార సంఘాల ముందు తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. నిలబడలేని వారు చెప్పులను, పట్టాదారు పాసుపుస్తకాలను వరుసలో పెట్టి ఎదురుచూశారు. వరికి, మొక్కజొన్నకు పైపాటుగా ఎరువు వేయాల్సిన అదను దాటితే దిగుబడి దెబ్బతింటుంది. ఎక్కడో తయారైన ఎరువు ఓడలు, రైళ్లు, లారీలు మారి పల్లెకు చేరే సరికి ఏ ఒక్కచోట ఆలస్యమైనా నష్టపోయేది రైతే. వాడేచోటే ఎరువును తయారు చేసుకోగలమా అన్న ప్రశ్నకు సమాధానం వెదికే క్రమంలో పుట్టినవే కంటైనరు ప్రయోగశాలలు.

యూరియాకు మూలం అమ్మోనియా
యూరియా తయారీకి ముందుగా అమ్మోనియా కావాలి. జర్మనీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో నిరూపించిన పద్ధతిని కార్ల్ బాష్ పరిశ్రమ స్థాయికి తీసుకొచ్చారు. 1913లో ఒప్పావులో తొలి కర్మాగారం ప్రారంభమైంది. నేటికీ ప్రపంచమంతటా అదే పద్ధతి అమల్లో ఉంది. ఇందుకు అవసరమైన హైడ్రోజన్‌ను మన దేశంలో ప్రధానంగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. దీనివల్ల ప్రపంచవ్యాప్తంగా వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఒక శాతానికి పైగా అమ్మోనియా తయారీ నుంచే వస్తోంది. గ్యాస్ ధర పెరిగితే ఎరువు ధర కూడా పెరుగుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఈ సంగతి అన్ని దేశాలకూ అనుభవంలోకి వచ్చింది.

ఎలా పనిచేస్తుంది?
కంటైనరు యూనిట్‌లో సహజవాయువుతో పని లేదు. సౌర లేదా పవన విద్యుత్తును నీటిలోకి పంపి హైడ్రోజన్‌ను వేరుచేస్తారు. గాలిలో 78 శాతం నత్రజనే. గాలిని జల్లెడ వంటి ప్రత్యేక పదార్థం గుండా పంపితే ప్రాణవాయువు అందులో చిక్కుకుని నత్రజని బయటకు వస్తుంది. ఈ రెండింటినీ సుమారు 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, అధిక పీడనంలో ఇనుము ఉత్ప్రేరకంపై కలిపితే అమ్మోనియా తయారవుతుంది. ఒక టన్ను అమ్మోనియాకు దాదాపు 177 కిలోల హైడ్రోజన్, 823 కిలోల నత్రజని, 1,600 లీటర్ల శుద్ధజలం, సుమారు పది వేల యూనిట్ల విద్యుత్తు అవసరమవుతాయి.

బ్రిటన్‌లోని హార్వెల్‌లో రూథర్‌ఫర్డ్ ఆపిల్‌టన్ ప్రయోగశాల ఆవరణలో సీమెన్స్ సంస్థ 2018లో ఇటువంటి ప్రయోగాత్మక కేంద్రాన్ని ప్రారంభించింది. గాలిమరతో నడిచేలా రూపొందించిన ఈ కేంద్రం సామర్థ్యం రోజుకు 30 కిలోల అమ్మోనియా. నత్రజని లెక్కన ఇది ఒక బస్తా యూరియాకు కాస్త ఎక్కువ. కెన్యాలోని నైవాషా సమీపంలో ఒక వ్యవసాయ క్షేత్రంలో టాలస్ సంస్థ 2023లో నెలకొల్పిన సౌర విద్యుత్ యూనిట్ సామర్థ్యం రోజుకు ఒక టన్ను. అంటే 45 కిలోల యూరియా బస్తాలు సుమారు 40. కెన్యాకు ఎరువులు ఎక్కువగా మొంబాసా రేవు ద్వారా దిగుమతి అవుతాయి. ఓడరేవుకు దూరంగా ఉండే పొలాలకు రవాణా ఖర్చే పెద్ద భారం కాబట్టి అక్కడ ఈ ప్రయత్నానికి ప్రాధాన్యం ఏర్పడింది.

కంటైనరే ఎందుకు?
ఓడల్లో సరుకు రవాణా చేసే కంటైనర్లు ప్రపంచమంతా ఒకే కొలతల్లో ఉంటాయి. 20 లేదా 40 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. లారీ, రైలు, ఓడ.. దేనిమీదైనా ఇమిడిపోతాయి. యంత్రాలను కర్మాగారంలోనే బిగించి, పరీక్షించి తరలించవచ్చు. అవసరం పెరిగితే పక్కన మరో కంటైనరు చేర్చవచ్చు.

అయితే పాత కంటైనరును ప్రయోగశాలగా మార్చడం తలుపు కోసి, దీపం బిగించినంత సులువు కాదు. దాని ముడతల గోడలు కూడా బరువు మోస్తాయి. కిటికీ కోసం కోసిన ప్రతిచోటా ఉక్కు చట్రం బిగించాలి. అడుగున ఉండే చెక్కకు పురుగుమందు పట్టించి ఉండే అవకాశం ఉన్నందున దాన్ని మార్చడమో, పైపూత వేయడమో చేయాలి. మన ఎండల్లో ఇనుప పెట్టె లోపల కొలిమిలా వేడెక్కుతుంది కాబట్టి గోడలకు, పైకప్పుకు ఉష్ణనిరోధక పొర తప్పనిసరి. గాలిలో నాలుగు శాతం హైడ్రోజన్ చేరినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. అది పైకి లేచే వాయువు కాబట్టి కప్పు వద్దే బయటకు పోయే మార్గం ఉంచాలి. విద్యుత్ పరికరాలను వేరే గదిలో అమర్చాలి.

మనకు పనికొస్తుందా?
రామగుండం కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. టన్ను కంటైనరు దానికి ప్రత్యామ్నాయం కాదు. ఖర్చు చూసినా అంతే. ఒక బస్తా యూరియాకు సమానమైన నత్రజనికి సుమారు 250 యూనిట్ల విద్యుత్తు కావాలి. యూనిట్ రూ.3 చొప్పున లెక్కవేసినా విద్యుత్తుకే రూ.750 అవుతుంది. రైతు బస్తాకు చెల్లిస్తున్నది రూ.266.50 మాత్రమే. అసలు ఖర్చులో అధిక భాగాన్ని కేంద్రం రాయితీగా భరిస్తున్నందునే ఆ ధర సాధ్యమవుతోంది. రోజుకు టన్ను తయారీకి కనీసం రెండు మెగావాట్లకు పైగా సౌర ఫలకాలు, వాటికి పదెకరాల వరకు స్థలం కావాలి.

మరో చిక్కు అమ్మోనియా రూపమే. 100 కిలోల యూరియాకు 57 కిలోల అమ్మోనియాతోపాటు 73 కిలోల బొగ్గుపులుసు వాయువు అవసరం. పెద్ద కర్మాగారాల్లో అది సహజవాయువు నుంచే లభిస్తుంది. కంటైనరులో ఆ సదుపాయం లేదు. అమెరికాలో అమ్మోనియాను ట్రాక్టర్లకు అమర్చిన ప్రత్యేక పరికరాలతో నేరుగా భూమిలోకి పంపుతారు. చిన్న కమతాల్లో, నీరు నిలిచిన వరి మడుల్లో అది కుదరదు. పైగా అమ్మోనియా విషవాయువు. ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో అది లీకైతే ఏమవుతుందో కోస్తా జిల్లాల వారికి తెలుసు. శిక్షణ పొందిన సిబ్బంది, లీకును పసిగట్టే పరికరాలు లేకుండా ఊరి మధ్యన ఇటువంటి యూనిట్ పెట్టడం ప్రమాదకరం.

కాబట్టి ఈ దశలో కంటైనరును ప్రయోగశాలగానే చూడాలి. మబ్బు పట్టిన రోజున యంత్రం ఎలా నడుస్తుంది, మన నీటిని శుద్ధి చేయడానికి ఎంత ఖర్చవుతుంది, అమ్మోనియాను మన రైతు చల్లుకోగలిగిన ఎరువుగా ఏ రూపంలోకి మార్చవచ్చు అన్న ప్రశ్నలకు వ్యవసాయ పరిశోధన క్షేత్రాల్లోనే సమాధానాలు రాబట్టవచ్చు. కోట్ల రూపాయల కర్మాగారం కట్టాక లోపం బయటపడటం కన్నా, లారీపై తరలించగల పెట్టెలో ముందే తెలుసుకోవడం మేలు. ఈలోగా భూసార పరీక్ష చేయించుకుని అవసరమైనంతే యూరియా వాడటం రైతు చేతిలో ఉన్న పని.