తెర వెనుక వైద్యుడు

నాడి పట్టి చూసే వైద్యుణ్ణి రోగి ఎరుగును. మందుచీటీ రాసి ఇచ్చే వైద్యుణ్ణీ ఎరుగును. ఆ చీటీకి ఆధారమైన ఛాయాచిత్రాన్ని మసకవెలుతురు గదిలో కూర్చుని చదివిన వైద్యుణ్ణి మాత్రం ఎరుగడు. తిరుపతిలోనో చిత్తూరులోనో ‘స్కానింగ్’ తీయించుకొని వచ్చిన వారిని ఎవరు తీశారని అడిగితే, సాధారణంగా యంత్రం దగ్గర నిలబడిన సాంకేతిక నిపుణుణ్ణే చెబుతారు. చిత్రాన్ని తీసినవాడు ఒకడు, దానికి అర్థం చెప్పినవాడు మరొకడు. ఆ రెండవవాడే రేడియాలజిస్టు. తాళపత్రాన్ని భద్రపరచడం వేరు, దానిలోని పాఠాన్ని నిర్ణయించడం వేరు, ఇక్కడా అంతే.

ఈ విద్యకు మూలపురుషుడు జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్. 1895 నవంబరు 8న వూర్ట్స్‌బర్గ్ నగరంలోని తన ప్రయోగశాలలో ఆయన ఒక వింత కిరణాన్ని గుర్తించాడు. దాని స్వభావం తెలియలేదు గనుక, గణితంలో అజ్ఞాతరాశికి పెట్టే ‘ఎక్స్’ అనే పేరే దానికీ పెట్టాడు. స్వభావం తెలిసిన తరువాత కూడా ఆ పేరే నిలిచిపోవడం విశేషం. 1901లో భౌతికశాస్త్రంలో తొట్టతొలి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. ఆ తరువాత ధ్వనితరంగాలతో చూసే అల్ట్రాసౌండ్, శరీరాన్ని పొరలు పొరలుగా చూపే సి.టి., అయస్కాంతశక్తితో పనిచేసే ఎం.ఆర్.ఐ. ఒకటొకటిగా వైద్యానికి అందివచ్చాయి.

చిత్తూరు సీమకు ఈ కిరణాలతో పాత అనుబంధమే ఉంది. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలోనే క్షయరోగ చికిత్సాలయం వెలసింది. 1950 - 1955 మధ్యకాలంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రీమోట్ మోలర్ నాయకత్వంలో, మదనపల్లె పట్టణంలోను పరిసర గ్రామాలలోను ఊరివారందరినీ పరీక్షించే బృహత్ప్రయత్నం జరిగింది. దగ్గు ఉన్నవారికే కాక, ఆరోగ్యంగా కనిపించేవారికి కూడా ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. రోగి వైద్యుణ్ణి వెదుక్కుంటూ వచ్చే దాకా ఆగక, వైద్యమే ఊళ్లలోకి వెళ్లిన సందర్భమది.

అయితే ఊపిరితిత్తిలో మచ్చ కనిపించినంత మాత్రాన అది క్షయ కాదు. న్యుమోనియా నీడ, పాత గాయం మానిన మచ్చ, కంతి నీడ ఒకదానినొకటి పోలి ఉండవచ్చు. ఒకే ఛాతీ చిత్రాన్ని ఇద్దరు నిపుణులు భిన్నంగా చదవడమే కాక, ఒకే నిపుణుడు కొన్నాళ్ల తరువాత అదే చిత్రాన్ని వేరుగా చదవడం కూడా 1940లలో అమెరికాలో జరిగిన పరిశీలనలలో బయటపడింది. లేని క్షయకు నెలల తరబడి మందులు మింగడం, ఉన్న కంతిని క్షయగా పొరబడి కాలం పోగొట్టుకోవడం - రెండూ ప్రమాదాలే. యంత్రం ఎంత కొత్తదన్న విషయం కంటే, చిత్రాన్ని చదివేది ఎవరన్నదే ముఖ్యం కావడానికి కారణమిదే.

రేడియాలజిస్టు ముందుగా ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పిమ్మట ఈ శాఖలో ఎం.డి. గాని డి.ఎన్.బి. గాని డిప్లొమా గాని పూర్తిచేసిన వైద్యుడై ఉండాలి. నివేదిక కింద ఆయన పేరు, అర్హత, వైద్యమండలి నమోదు సంఖ్య కనిపించాలి. సంతకం లేని నివేదికను అంగీకరించనక్కరలేదు. ఫలానా కేంద్రానికే వెళ్లాలని పట్టుబట్టినప్పుడు కారణం అడగడం మర్యాదకు భంగం కాదు. రోగిని పంపినందుకు వైద్యుడు ప్రతిఫలం పుచ్చుకోవడాన్ని 2002 నాటి వైద్య నీతినియమావళి నిషేధించింది. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి, స్విమ్స్ వంటి బోధనాసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల నలభై కిలోమీటర్ల లోపే. ఇటువంటి చోట్ల వేచి ఉండవలసి రావచ్చు; కాని క్లిష్టమైన చిత్రాన్ని ఒకరికి ఇద్దరు చూసే అవకాశం ఉంటుంది.

కిరణాల మోతాదును గురించి అతిభయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. భూమి నుండి, ఆకాశం నుండి సహజంగానే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల వికిరణం సోకుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రే వలన కలిగేది అందులో స్వల్పభాగమే. ఉదరానికి తీసే సి.టి. మాత్రం ఎనిమిది, పది మిల్లీసీవర్టుల దాకా పోవచ్చు. పసిపిల్లల విషయంలో ఈ లెక్క మరింత ముఖ్యం. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ.లలో ఈ రకమైన వికిరణమే లేదు. అందువల్ల “ఈ పరీక్షతో చికిత్సలో ఏమి మారుతుంది? వికిరణం లేని పరీక్షతో సరిపోదా?” అని రాసిచ్చిన వైద్యుణ్ణి అడగవచ్చు. ఎక్స్‌రే, సి.టి. యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. గర్భవతి అయిన స్త్రీ, గర్భం ఉండవచ్చునన్న అనుమానమున్న స్త్రీ, ఆ మాటను పరీక్షకు ముందే చెప్పాలి.

గర్భిణికి చేసే అల్ట్రాసౌండ్ విషయంలో మరొక చట్టం ఉంది. 1994లో వచ్చి, తరువాత 2003లో సవరణతో బిగింపు పొందిన ఆ చట్టం ప్రకారం గర్భస్థ శిశువు లింగాన్ని వెల్లడించడం నేరం. ఆ సంగతి స్థానిక భాషలో కూడా తెలిపే బోర్డు, నమోదు పత్రం గోడపై కనబడాలి. అవి కనబడని కేంద్రం గడప తొక్కకపోవడం మేలు. సైగతోనో మిఠాయి పేరుతోనో సంగతి చెప్పినా నేరం నేరమే.

ఇక బయలుదేరే ముందు చేయవలసినవి చిన్నవే గాని, మరచిపోతే కష్టపెడతాయి. పీలేరు నుండి తొలి బస్సులో తిరుపతి చేరిన ఒక కూలీని ఊహించుకోవచ్చు. పరగడుపున రమ్మన్నారని అన్నం మానినా, బస్‌స్టాండులో పాలు కలిపిన కాఫీ తాగితే పిత్తాశయం ముడుచుకుపోతుంది. అందులోని రాళ్లు సరిగా కనబడవు. మరునాడు మళ్లీ రమ్మంటే, ఇంకొక రోజు కూలీ పోయినట్లే. కటిభాగపు పరీక్షకు మాత్రం నీళ్లు తాగి మూత్రాశయం నిండి ఉండాలి. గుండెకు పేస్‌మేకరు, ఒంట్లో లోహపు ముక్క ఉన్నవారు ఎం.ఆర్.ఐ. గదిలో అడుగు పెట్టకముందే ఆ సంగతి తెలపాలి. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సి.టి. అయితే మూత్రపిండాల స్థితి, పూర్వపు అలర్జీలు చెప్పవలసి ఉంటుంది.

అన్నిటికన్న ఎక్కువగా ఇంట్లో వదలిపెట్టి వచ్చేది పాత చిత్రాల సంచి. ఏడాది కిందటి మచ్చ ఇప్పటికీ అంతే ఉన్నదా, పెరిగిందా అన్నది రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేలుతుంది. పెరగలేదని తేలితే, సూదితో కణజాలం తీసే పరీక్ష తప్పిపోవచ్చు. అటకమీద పాత సామాన్ల మధ్య నలిగిన ఆ కాకితపు సంచినీ, అందులోని నివేదికనూ వెదికి, తేదీ చూసుకొని, ప్రయాణపు మూటలో అన్నింటికంటే పైన పెట్టుకోవాలి.