కంప్యూటరు పేలిందంటే ఏం జరిగినట్టు?

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో హాస్టళ్ళు చాలా ఉన్నాయి. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే పిల్లలు వాటిలో ఉంటారు. ఆ గదులు ఊడ్చేది, వాళ్ళకు వండిపెట్టేది మన ఆడవాళ్ళే. పొద్దున గదిలోకి పోతే మంచం మీద ల్యాప్‌టాప్ కనబడుతుంది. వైరు గోడకు పెట్టే ఉంటుంది. ఒక్కోసారి దాని మీద దుప్పటి కూడా ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో కడప జిల్లా బి.కోడూరు మండలంలో ఒక అమ్మాయి ఇంటి నుంచే కంప్యూటరు పని చేస్తోంది. ల్యాప్‌టాప్ చార్జింగులో ఉంది. అది పేలింది. అమ్మాయి ఒళ్ళు తీవ్రంగా కాలిపోయింది.

ఎందుకు పేలింది? షార్ట్ సర్క్యూట్ అని పత్రికలు రాశాయి. అట్లాంటప్పుడు కంప్యూటర్‌లో వైరస్ చేరిందేమో అనేవాళ్ళు కూడా ఉంటారు. ఆ వైరస్ పురుగు కాదు, నిప్పు కాదు. ఎవరో రాసి పంపిన తప్పుడు లెక్క, అంతే.

మరి షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటి? కరెంటు పోవలసిన దారి వదిలి అడ్డదారిన పోవడం. అది గోడలోని వైరులో జరగవచ్చు. చార్జరులో జరగవచ్చు. బ్యాటరీ లోపల కూడా జరగవచ్చు. మూడింటికీ ఒకటే పేరు. అందుకే ఆ మాట విన్నప్పుడు 'ఎక్కడ?' అని అడగాలి.

ల్యాప్‌టాప్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది. సెల్‌ఫోన్లో ఉండేదీ ఆ రకమే. లోపల రెండు పల్చని రేకులు ఉంటాయి. వాటి మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పొర చాలా పల్చన, మన తలవెంట్రుక కంటే పల్చన. చుట్టూ మండే గుణం ఉన్న ద్రవం ఉంటుంది. పొర చిరిగిందా, రేకులు తగులుకుంటాయి. దాచిన కరెంటంతా వేడిగా మారుతుంది. ద్రవం ఆవిరై, గ్యాసు పుట్టి, బ్యాటరీ ఉబ్బుతుంది. ఇక పట్టలేక పగులుతుంది. ఒక గది వేడి పక్క గదికి పాకుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఇట్లాంటి గదులు చాలా ఉంటాయి మరి.

పొర ఎందుకు చిరుగుతుంది? ల్యాప్‌టాప్ కింద పడితే చిరగవచ్చు. సరిపడని చార్జరు పెడితే పాడవుతుంది. గాలి రంధ్రాలు పరుపులో మూసుకుపోతే వేడి బయటికి పోదు. ఒక్కోసారి తప్పు ఫ్యాక్టరీలోనే ఉంటుంది. 2006లో డెల్ కంపెనీ సుమారు 41 లక్షల బ్యాటరీలను వెనక్కి తీసుకుంది. అవి సోనీ చేసినవి. తయారీలో సన్నటి లోహపు రజను లోపల పడింది. వాడేవాళ్ళు ఎంత జాగ్రత్తపడితే మాత్రం ఏం లాభం?

అదే 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు ఇళ్ళలోనే పేలాయి. రాత్రిపూట చార్జింగు పెట్టి పడుకున్నారు. ఒక్కోచోట ఒక్కరు చనిపోయారు. ఆ బ్యాటరీలు కూడా లిథియంవే, కాకపోతే పెద్దవి.

కాలిపోయాక కారణం చెప్పడం కష్టం. ముందే గుర్తులు కనబడతాయి. ప్లగ్గు నల్లబడితే, అక్కడ కాలిన వాసన వస్తే తప్పు గోడవైపు ఉండవచ్చు. ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బితే, మూత సరిగా పడకపోతే తప్పు బ్యాటరీది. గోడలో తప్పయితే మెయిన్ ఆపితే కరెంటు ఆగుతుంది. బ్యాటరీ మంట మాత్రం మెయిన్ ఆపినా ఆగదు. దాని కరెంటు దాని కడుపులోనే ఉంది.

ఊడ్చేటప్పుడు మంచం మీద వేడిగా ఉన్న ల్యాప్‌టాప్ కనిపిస్తే ఆ పిల్లలకు చెప్పండి. ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు. పొగ వస్తే దాన్ని చేత్తో పట్టుకోవద్దు. అందరినీ లేపి బయటికి పంపి, 101కు ఫోన్ చేయండి. ఆ పొగ విషం. ఉబ్బిన బ్యాటరీని పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. చెత్తబండిలో అది నలిగితే అక్కడ అంటుకుంటుంది. ఆ బండి మీద పనిచేసేదీ మనవాళ్ళే.