ఛీ... చింటూ, వదిలెయ్!

కుక్కపిల్ల చెప్పులు కొరికిందనో, దుప్పటి చింపిందనో నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాం. ఇంకో అలవాటు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. తోటి కుక్కల అశుద్ధం కనబడితే చాలు, గబగబా వెళ్లి తినేయడం! రాయడానికే ఎలాగో ఉంది. కానీ పసిపిల్లలున్న ఇంట్లో ఇది సిగ్గుపడి దాచుకునే సంగతి కాదు. ఈ ఒక్క అలవాటుతో విసిగిపోయి బంగారంలాంటి కుక్కపిల్లను తీసుకెళ్లి ఏ సంతలోనో వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు.

మా చింటూకీ ఆ గతే పట్టబోయింది.

మాది ఏలూరులో పాతకాలపు డాబా ఇల్లు. చుట్టూ కాస్త ఖాళీ స్థలం, గేటు కింద జానెడు సందు. రాత్రిళ్లు వీధికుక్కలు ఆ సందులోంచి దూరి, కరివేపాకు చెట్టు మొదట్లో పని కానిచ్చుకుని పోయేవి. తెల్లారేసరికి మూడు నెలల చింటూ అక్కడ హాజరు! తనది ముట్టుకోడు, పరాయి కుక్కలదే కావాలి. ఆ తర్వాత తిన్నగా వచ్చి మా పాప మొహం నాకబోతాడు. పాపకి నాలుగేళ్లు.

మా అత్తగారికి ఆచారం ఎక్కువ. "అమ్మాయ్, ఆ నోటితో పసిదాన్ని నాకుతుంటే చూస్తూ ఊరుకుంటారా? ఆదివారంలోగా దాన్ని ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు. ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా అబ్బాయి అన్నం మానేశాడు. "రెండు నెలలు గడువివ్వండి అత్తయ్యా" అని నేనే అడిగాను. "సరే, రెండంటే రెండే" అన్నారావిడ.

తిండి చాలకేనా?

"సరిగ్గా తిండి పెట్టడం లేదేమోనండీ" అంది పక్కింటావిడ. ఇలాంటి మాట ఏ ఇల్లాలికైనా చురుక్కుమంటుంది. పశువుల డాక్టరుగారి దగ్గరకెళ్లి మొదట అడిగింది ఇదే. ఆయన నవ్వేశారు. తల్లికుక్క మొదటి మూడు వారాలూ పిల్లల మలాన్ని తానే నాకి శుభ్రం చేస్తుందట. పిల్లలకి చేతుల్లేవు కాబట్టి లోకంలోని ప్రతి వస్తువునూ నోటితోనే పరీక్షిస్తాయి. వాసన ఘాటుగా ఉంటే మరీ ఇష్టం. చాలావరకు పెద్దయ్యేకొద్దీ మానేస్తాయి, కొన్ని మానవు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) ఆచార్యుడు బెంజమిన్ హార్ట్ బృందం దాదాపు 3,000 మంది కుక్కల యజమానులను అడిగి, 2018లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో 16 శాతం కుక్కలకి, అంటే ఆరింట ఒకదానికి, ఈ అలవాటు గట్టిగా ఉంది. ఆత్రంగా తినే కుక్కల్లో ఎక్కువ. అవి తినేది కూడా చాలావరకు రెండు రోజుల లోపు తాజాది. మలంలోని పురుగుల గుడ్లు ముదిరి హాని చేసే స్థితికి రాకముందే గుహ చుట్టుపక్కల శుభ్రం చేసుకునే తోడేళ్ల నాటి బుద్ధి ఇదేమో అని వాళ్ల ఊహ. అంటే మన చింటూగారు పారిశుద్ధ్య శాఖలో పని చేస్తున్నారన్నమాట! మా అత్తగారికి ఈ మాట చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

భయపడాల్సింది ఎక్కడ?

తోడేళ్ల సంగతేమోగానీ, మన వీధుల్లో ఇది ప్రమాదమే. టీకాలు పూర్తికాని పిల్లకి అన్నిటికన్నా పెద్ద గండం పార్వో. జబ్బుచేసిన కుక్క మలంలోంచి వస్తుంది, నేలలో నెలల తరబడి బతుకుతుంది. వాంతులు, రక్త విరేచనాలతో నాలుగు రోజుల్లో పిల్లను తీసుకుపోతుంది. అందుకే ఆరెనిమిది వారాల వయసు నుంచి నాలుగో నెల దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయిస్తారు. అవి పూర్తయ్యేదాకా చింటూని వీధిలోకే తీసుకెళ్లొద్దన్నారు డాక్టరు.

రెండోది పురుగులు. ఏలికపాములు, కొంకిపురుగులు. ఏలికపాములైతే తల్లి కడుపులోనే పిల్లకి సంక్రమిస్తాయి. పన్నెండు వారాల దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత ఆరో నెల దాకా నెలకోసారి పురుగుల మందు, అదీ బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులోనే పట్టించాలి. వీటి గుడ్లు మట్టిలో కొన్ని వారాలకి ముదురుతాయి. ఆ మట్టిలో ఆడిన చేతులు పిల్లలు నోట్లో పెట్టుకుంటే లోపలికెళ్లి, ఒక్కోసారి కంటిదాకా పాకుతాయి. కొంకిపురుగు పిల్లలైతే ఉత్తికాళ్లతో నడిస్తే చర్మంలోకే దూరతాయి. ఇది విన్నాక పాప కాళ్లకి చెప్పులు లేకుండా పెరట్లోకి పంపలేదు. కుక్కని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే పళ్లెం ముందు కూర్చోనివ్వలేదు. మొహం నాకించుకోవడం పూర్తిగా బంద్.

ఇక సలహాలు. అనాసపండు పెట్టమన్నారొకరు. అన్నంలో ఏదో పొడి కలపమన్నారింకొకరు. అలాంటి మందులు పదకొండు రకాలు ఆ అధ్యయనంలో లెక్కలోకొచ్చాయి. పనిచేసింది 2 శాతం కుక్కల్లో కూడా మించలేదు. అయినా ఆలోచించండి. ఆ పొడి పనిచేసేది తిన్న కుక్క మలం రుచి మార్చి. మా చింటూ తినేది వీధికుక్కలది. పొడి చింటూకి పెడితే వీధికుక్కలది ఎలా చేదవుతుంది? మా అబ్బాయి తేల్చిన లెక్క ఇది! అశుద్ధం మీద కారం చల్లమన్నారు కూడా. కళ్లూ ముక్కూ మండటం తప్ప ప్రయోజనం లేదు, ఊరంతా ఎక్కడని చల్లుతాం? కొట్టడం, ముక్కు దానిలో రుద్దడం మరీ అన్యాయం. దెబ్బల భయంతో కుక్క మానదు, మనం చూడకముందే గుటుక్కున మింగడం నేర్చుకుంటుంది.

మేం చేసిందేమిటంటే

ముందు గేటు కింద చెక్క కొట్టించాం. పొద్దున్నే చింటూని వదలకముందే నేనో మావారో చీపురు, చేట పట్టుకుని పెరడంతా ఒక చుట్టు తిరిగేవాళ్లం. చింటూ పని అయిన మరుక్షణమే అది కూడా తీసేసేవాళ్లం. అందనిది తినలేడు కదా! సగం పని దీంతోనే అయింది.

మిగతా సగం నేర్పడం. ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో మాట అనేవాళ్లం. అబ్బాయి "నో", అత్తగారు "ఛీ", నేను "వద్దురా". పాపం వాడికేం అర్థమవుతుంది? అందరం "వదిలెయ్" అనే ఒక్క మాటకి కట్టుబడ్డాం. గుప్పిట్లో చపాతీ ముక్క పెట్టి ముక్కు దగ్గర పట్టుకోవాలి. వాడు నాకుతాడు, గీకుతాడు. ఓపిగ్గా ఊరుకోవాలి. విసుగొచ్చి మొహం తిప్పిన క్షణంలో "వదిలెయ్" అని, రెండో చేత్తో ఇంకా మంచిది పెట్టాలి. మా ఇంట్లో మాంసం వండం కనుక పనీర్ ముక్క. (ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం, అవి వద్దు.) రోజుకి అయిదేసి నిమిషాలు మూడుసార్లు. తర్వాత ముక్కని నేలమీద పెట్టి, ఆపైన తాడు పట్టుకుని పెరట్లో.

నాలుగో నెల దాటి టీకాలయ్యాక వీధిలోకి తీశాం. మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చి వెళ్లాకే బయలుదేరేదాన్ని. పొట్టి తాడు, చీర కుచ్చిళ్లలో చిన్న పనీర్ సంచీ. మన చూపు కుక్క ముక్కుకన్నా నాలుగడుగులు ముందుండాలి. దూరంగా కనబడగానే పిలిచి, తిరిగి చూస్తే ముక్క పెట్టి, పక్కనుంచి దాటించాలి. నోట్లో పెట్టుకున్నాక అరుస్తూ వెంటపడితే వాడికది ఆట. ఏమీ ఎరగనట్టు రెండోవైపు నడుస్తూ పిలిస్తే వస్తాడు. మాట ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు, తాడు చేతిలో ఉండాల్సిందే. మూతికి గుడ్డ కట్టమనేవాళ్ల మాట వినకండి. కుక్కకి ఒంటివేడి తగ్గేది నోరు తెరిచి ఒగర్చడం వల్లే. మన ఎండల్లో అది ప్రాణం మీదకొస్తుంది.

ఒక్క సంగతి. ఎంత తిన్నా చిక్కిపోతున్నా, విరేచనాలు వదలకపోయినా, ఎన్నడూ లేనిది పెద్ద కుక్క హఠాత్తుగా మొదలుపెట్టినా నేర్పడాలు పక్కనపెట్టి, మలం పరీక్షకి తీసుకెళ్లండి. పురుగులు, అరుగుదల లోపం, షుగరు వంటివి ఉండొచ్చు.

గడువు రోజు మా అత్తగారు వరండాలో కూర్చుని చూస్తుండగానే చింటూ గేటు బయట ఒకదాని దగ్గర ఆగాడు. "వదిలెయ్" అన్నాను. వాసన చూసి, నా వైపు తిరిగాడు. "పూజగదిలోకి మాత్రం రానివ్వకు" అని లేచి లోపలికెళ్లిపోయారావిడ.

ఇప్పుడు వాడికి ఏడో నెల. పగలు ఫరవాలేదు. రాత్రి నడకకి మాత్రం టార్చిలైటు లేకుండా నేనింకా వెళ్లడం లేదు.