మీకు తెలుసా? నిలబెట్టి ఉంచితే డీజిల్ కారు వెచ్చబడదు!

గడ్డకట్టే చలిలో ఇంజన్ ఆన్ చేసి, కారు లోపల వెచ్చబడ్డాక బయల్దేరదామని చాలామంది ఆగుతారు. డీజిల్ కారులో అది దండగ ఎదురుచూపే. లోపలికి వేడి వచ్చేది ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ నుంచి. కదలకుండా నిలబడ్డ డీజిల్ ఇంజన్ తాగే ఇంధనం చాలా తక్కువ, పీల్చే చల్లగాలి మాత్రం ఎక్కువ. ఇక కూలెంట్ కాగేదెప్పుడు? అద్దాల మీది మంచు పూర్తిగా గీకేసి, ఇంజన్‌ను రేజ్ చేయకుండా నెమ్మదిగా నడుపుతూ వెళ్తేనే త్వరగా కాగుతుంది. జర్మనీలోనైతే అనవసరంగా ఇంజన్ ఆన్‌లో ఉంచడం ట్రాఫిక్ నిబంధనలకే విరుద్ధం.

ఈ ఇబ్బంది తెలిసే చాలా డీజిల్ కార్ల హీటర్‌లో కరెంటుతో కాగే పీటీసీ పలకలు అమరుస్తారు. అవి వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి, లాగే కరెంటు దానంతటదే తగ్గుతుంది. ఎంత చక్కని ఏర్పాటో! ఫిన్లాండ్‌లో పార్కింగ్ స్థలాల్లోనే ప్లగ్ పాయింట్లుంటాయి. బయల్దేరే ముందే ఇంజన్‌ను కరెంటుతో వెచ్చబెట్టుకుంటారు.

అరగంట నడిపినా గాలి గోరువెచ్చగానే వస్తోందా? హైవే ఎక్కగానే టెంపరేచర్ ముల్లు కిందికి జారుతోందా? థర్మోస్టాట్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. అలా వదిలేస్తే డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. ముందు దాన్ని మెకానిక్‌కు చూపించండి.